పాత కార్డుకీ కొత్త కార్డుకీ మధ్య ఎజ్రా

రెండువేల నాలుగో సంవత్సరం జూన్ పద్నాలుగో తేదీ ఉదయం పదిన్నర గంటల నుంచి, ఉద్దానంలోని ఒకానొక మండల రెవెన్యూ కార్యాలయం మనుషుల పద్ధతిలో పనిచేయడం మానేసి డేటాబేసు పద్ధతిలో పనిచేయడం ప్రారంభించిందని ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. మండలం పేరు చెప్పను. చెబితే ఆ ఒక్క మండలంవాళ్ళే నొచ్చుకుంటారు, చెప్పకపోతే చుట్టుపక్కల అందరూ తమదే అనుకుని నొచ్చుకుంటారు. నొప్పి అందరికీ సమానంగా పంచడమే కదా ప్రజాస్వామ్యం! పలాసకీ టెక్కలికీ మధ్య హైవే దిగి సముద్రం వైపు తిరిగితే వచ్చే మండలాల్లో ఏదో ఒకటి అనుకోండి, సరిపోతుంది.

ఈ మార్పుకు మూలపురుషుడు రూబెన్. పాపం, అతనికి ఆ ఉద్దేశమేమీ లేదు. పలాసలో ఒక జీడిపిక్కల గోడౌను మేడమీద నడిచే కంప్యూటర్ సంస్థలో ఏడాది కోర్సు చదివి, కాంట్రాక్టు పద్ధతిన ఆ ఆఫీసులో ఆపరేటరుగా చేరాడు. అతను మేడమీద చదివిన ఏడాదంతా అతని తల్లి మిరియం కింద గోడౌనులో పిక్కలు కొట్టింది. ఉద్యోగంలో చేరే రోజున బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒక్కటే మాట తీసుకుంది. "బల్ల కాడ కూకోరా అయ్యా. ఆళ్ళు ఏటి రాయమంటే అది రాయి. ఫైళ్ళు మాత్రం మొయ్యకు. ఒక్కపాలి మోసేవంటే జన్మంతా నీ చేతే మోయిత్తారు." మోషేకు దొరికినవి పది ఆజ్ఞలు, రూబెన్‌కు దొరికింది ఒక్కటి. ఆ పదింటికన్నా ఈ ఒక్కదాన్నే అతను నిక్కచ్చిగా పాటించాడు.

మండలాధికారి గణపతిరావు గారు. నాలుగు తరాల కొబ్బరితోటల కుటుంబం, గంభీరమైన కంఠం, సర్క్యులర్ రాయడమంటే చెవి కోసుకునే మనిషి. కంప్యూటర్ వచ్చిన రోజున సొంత తోటలోని కాయ తెప్పించి కొట్టారు, మానిటరుకు బొట్టు పెట్టారు, మౌస్ అనే ఎలుకకు ప్రత్యేకంగా ఒక పువ్వు పెట్టారు. రూబెన్ తన పద్ధతిలో కళ్ళు మూసుకుని యూపీఎస్ కోసం ప్రార్థన చేసుకున్నాడు. ఏసీ ఉన్నది ఆ ఒక్క గదిలోనే కాబట్టి సిబ్బంది అంతా చెప్పులు బయట విడిచి, మధ్యాహ్నం భోజనాలయ్యాక రోజూ భక్తితో ఆ గదిలోనే కునికేవారు.

జూన్ మొదటి వారంలో జిల్లా నుంచి ఒక కాగితం వచ్చింది. సిబ్బందికి డేటాబేసు మీద శిక్షణ ఇచ్చి, ఇచ్చినట్టు సాయంత్రంలోగా పత్రం పంపాలని. గణపతిరావు గారు పత్రం పంపించేసి, పంపాం కాబట్టి శిక్షణ కూడా ఇస్తే బాగుంటుందని రూబెన్‌ను పిలిచి ఓ గంట మాట్లాడమన్నారు. ఆ ఆఫీసులో రూబెన్‌ను మాట్లాడమని ఎవరైనా అడగడం అదే మొదలు. అందులో పేకాట ఎలా ఆడాలో చెబుతాడని కుర్చీలు దగ్గరికి లాక్కున్న సిబ్బందికి అతను యంత్రం కడుపులో ఏం జరుగుతుందో చెప్పడం మొదలుపెట్టాడు.

లోపల పేర్లన్నీ పెద్ద పుస్తకంలో ఉన్నట్టు ఉండవట. చిన్న చిన్న పేజీలుగా ఉంటాయి, ఒక్కో పేజీలో కొందరి వివరాలు. ఒకరి పేరు మార్చాలంటే యంత్రం ఆ పేజీని డిస్కులోంచి పైకి తెచ్చుకుని మెమరీలో మారుస్తుంది. డిస్కులో ఇంకా పాతదే ఉంటుంది. అయినా భయం లేదు, ఎందుకంటే అంతకన్నా ముందే 'ఫలానా వరుసలో ఇది ఉండేది, ఇదిగో ఇలా మార్చాను' అని ఒక చిట్టాలో రాసిపెడుతుంది. చిట్టా డిస్కుకు చేరితే చాలు, పేజీ తీరిగ్గా చేరొచ్చు. మధ్యలో కరెంటు పోతే లేచాక చిట్టా చదువుకుని, పూర్తయిన పనులను నిలబెడుతుంది, సగంలో ఆగినవాటిని మొదటికి తెస్తుంది. తీసేయడమంటే నిజంగా చెరిపేయడం కాదు. 'ఇతను లేడు' అని గుర్తు పెట్టి వదిలేస్తుంది, ఎప్పుడో ఊడ్చే పని వచ్చి ఊడ్చుకుపోతుంది. మార్చడమన్నా చాలా యంత్రాల్లో అంతే, పాత వరుసకు గుర్తు పెట్టి పక్కన కొత్త వరుస రాయడమే. అన్నిటికన్నా ముఖ్యం, ఒక పనిలో రెండు ముక్కలుంటే రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. చివర్న కమిట్ అన్న మాట పడిందంటే ఇక వెనక్కి లేదు.

రూబెన్ ముగించేసరికి నలుగురు నిద్రపోయారు. గణపతిరావు గారికి మాత్రం కళ్ళు చెమర్చాయి. లేచి నిలబడి కండువా సర్దుకున్నారు.

"సోదర సిబ్బందీ! ఈ కుర్రవాడు చెప్పింది కంప్యూటర్ గురించి అనుకుంటున్నారా? కాదు. మన ఆఫీసు గురించి! దొరల కాలం నుంచీ మనం చేస్తున్నది ఇదే కదా. మనం ముందు రాస్తాం, తరవాత ఎప్పుడో చేస్తాం. మన దగ్గర ఏ పేరైనా చెరిగిందా? కొత్త కాగితం వస్తే పాతది పారేశామా? మన పద్ధతిని ఎవరో విదేశాల్లో కాపీ కొట్టి, పెట్టెలో పెట్టి, మనకే అమ్మారు. ఇన్నాళ్ళూ మనల్ని పనిచేయరని ఆడిపోసుకున్న ప్రజలకు ఇదే జవాబు. ఈ రోజు నుంచి ఈ కార్యాలయం సగర్వంగా డేటాబేసు పద్ధతిలో నడుస్తుంది!"

చప్పట్లకు నిద్రపోతున్న నలుగురూ లేచి వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

మొదటి సర్క్యులర్ మర్నాడే వచ్చింది. ఏ పనైనా చేసేముందు చిట్టాలో రాయవలెను. రాసిన పని అయినట్టే భావించవలెను. చేయడమన్నది వీలునుబట్టి చూసుకోవచ్చును. దాంతో మొదటి వారంలోనే నాలుగువందల పన్నెండు అర్జీలు పరిష్కారమయ్యాయి. అర్జీదారుల్లో ఎవరికీ ఏమీ అందలేదన్న మాట నిజమే గానీ, అది పేజీ విషయం, చిట్టా విషయం కాదు. జిల్లా నుంచి మెచ్చుకోలు లేఖ వచ్చింది. దాన్ని కూడా చిట్టాలో రాశారు.

రెండో సర్క్యులర్ ప్రకారం చనిపోయినవారి పేర్లు కొట్టివేయరాదు, పక్కన చిన్న సున్నా చుట్టిన చాలును. ఊడ్చడానికి వేరే మనిషి కావాలి కాబట్టి అలాంటి పోస్టు ఒకటి మంజూరు చేయాలని పైకి రాశారు. జవాబు రాలేదు. సున్నాలు చుట్టుకున్నవారు చౌకడిపోలో కిరసనాయిలు తీసుకుంటూ, ఎన్నికల్లో ఓట్లు వేస్తూ సుఖంగా ఉన్నారు. బతికున్నవాళ్ళకన్నా వాళ్ళ కాగితాలే సవ్యంగా ఉండేవి.

మూడో సర్క్యులర్ తాళాల గురించి. యంత్రంలో ఒకరు ఒక వరుసను మారుస్తుంటే రెండోవారు దాన్ని ముట్టకుండా తాళం పడుతుందని రూబెన్ ఎప్పుడో టీ దగ్గర నోరుజారి చెప్పాడు. యంత్రంలో ఆ తాళం రెప్పపాటు కూడా ఉండదన్న సంగతి చెప్పేలోగా పకోడీలు వచ్చాయి. కాబట్టి ఆఫీసులో ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉంటే దానికి వారు ఎర్రగుడ్డ చుట్టి ముడి వేయవలెను, ముడి వేసినవారు తప్ప ఇతరులు విప్పరాదు అని నియమం వచ్చింది. ముడి వేసి సెలవు మీద వెళ్ళినవాళ్ళుంటే, పుస్తకం వాళ్ళ ఆరోగ్యం కోసం ఎదురుచూసేది.

ఇంతవరకూ అంతా సజావుగానే ఉంది. ఇలాంటి చక్కని ఏర్పాటులోకి ఎజ్రా తన జబ్బుతో వచ్చిపడ్డాడు.

ఎజ్రా వజ్రపుకొత్తూరు వైపు సముద్రపు ఒడ్డు పల్లెలో అన్నతో కలిసి ఉండేవాడు. కొబ్బరికాయలు దింపేవాడు. వేరుపడి, భార్య సువర్ణమ్మతో రోడ్డు పక్క పేటలో గుడిసె వేసుకున్నాడు. ఆమె జీడిపిక్కలు కొడుతుంది. ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన జబ్బే అతనికీ వచ్చింది, కిడ్నీలు. ఉద్దానంలో ఇద్దరు ఎదురుపడితే బాగున్నావా అని కాదు, 'కిరాటిన్ ఎంతకొచ్చింది?' అని అడుగుతారు. రక్తంలో ఒకటికి అటూఇటూ ఉండాల్సిన ఆ అంకె ఎజ్రాకు తొమ్మిది దాటింది. విశాఖ పెద్దాసుపత్రిలో డయాలసిస్‌కు సోమవారం రమ్మన్నారు. తెల్లకార్డు ఉంటే పైసా అక్కర్లేదు. లేకపోతే వాళ్ళ తరం కాదు.

తెల్లకార్డు అన్నయ్య కుటుంబానిది ఉండేది. అందులోంచి ఎజ్రా పేరు తీసి కొత్త కార్డులో ఎక్కించాలి. రెండు ముక్కల పని. మొదటి ముక్క నీలకంఠం చేశాడు. ఆయన పాత కార్డుల జూనియర్ అసిస్టెంటు. ఎజ్రా పేరు పక్కన సున్నా చుట్టి, నెలాఖరు సీలు కూడా వేసి, పుస్తకానికి ఎర్రగుడ్డ కట్టేశాడు. రెండో ముక్క కమలకుమారి గారిది. ఆవిడ కొత్త కార్డుల సీనియర్ అసిస్టెంటు. ఆవిడ ఎజ్రా ఫారం తీసుకుని, నాలుగు ముద్రలు వేసి, దానికీ ఎర్రగుడ్డ కట్టారు. నీలకంఠం పుస్తకం తన ముందుకొస్తే తప్ప కొత్త నంబరు వేయడానికి లేదన్నారు. కొత్త నంబరు వేసిన ఫారం తన ముందుకొస్తే తప్ప పుస్తకం ముడి విప్పడానికి లేదని నీలకంఠం అన్నాడు. ఇద్దరూ నిబంధన ప్రకారమే అన్నారు. ఇద్దరి బల్లల మధ్యా పది అడుగుల దూరం.

ఆ పది అడుగులూ పుస్తకాలు మోసేవాడు అటెండరు తవిటయ్య. ముప్పై మూడేళ్ళు మోసి మోసి మే నెలాఖరున రిటైరయ్యాడు. ఆ పోస్టు నింపలేదు. గుమస్తా అన్నవాడు ఫైలు మోస్తే రేపు ఆ పోస్టు అక్కర్లేదంటారని ఉద్యోగుల సంఘం తీర్మానం చేసింది. అదీ న్యాయమే. పైగా సీనియర్ బల్ల దగ్గరికి జూనియర్ పుస్తకం పట్టుకెళ్తే జూనియర్ మర్యాద పోతుంది, జూనియర్ దగ్గరికి సీనియర్ వెళ్తే ప్రపంచమే తలకిందులవుతుంది. ఇక మిగిలింది రూబెన్. అతనికి ఆజ్ఞ ఉండనే ఉంది.

సువర్ణమ్మ పదకొండు రోజులు వచ్చింది. పిక్కల కూలి మానుకుని వచ్చేది. జీడి సొన అంటి అంటి ఆమె వేళ్ళు నల్లబడిపోయాయి, వేలిముద్ర వేస్తే గీతలు పడవు. ఎజ్రా వాచిన కాళ్ళు చాపుకుని వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. అతని నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు, రూబెన్‌తో వరస కూడా కలిపేశాడు.

"రూబెనూ, నాను ఇప్పుడు పాత కార్డులో లేను, కొత్త కార్డులో లేను. ఈలోపు సచ్చిపోయేననుకో, సున్నా ఎక్కడ సుడతారు బావా?"

రూబెన్‌కు నవ్వు రాలేదు. యంత్రం అయితే ఇలాంటి సగం పనిని చూసి సిగ్గుపడి మొదటికి తెచ్చేసేది, పాత కార్డులోనైనా ఎజ్రా ఉండేవాడు. పదకొండో రోజు, శుక్రవారం పొద్దున్న, ధైర్యం చేసి గణపతిరావు గారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, నీలకంఠం గారు కమలకుమారి గారి కోసం, ఆవిడ ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. ఇలాగైతే ఎప్పటికీ అవ్వదు. యంత్రంలో దీన్ని డెడ్‌లాక్ అంటారండి."

గణపతిరావు గారు కుర్చీలోంచి లేచారు. "ఏటీ! మనాఫీసులో డెడ్‌లాక్ వచ్చిందా? సొంతంగా?"

"వచ్చిందండి."

"శభాష్! పక్క మండలంవాళ్ళకి వచ్చిందా?"

"తెలీదండి."

"రాదు. ఆళ్ళింకా వెనకబడి ఉన్నారు." కాసేపు ఆనందించి అడిగారు. "మరి యంత్రం ఏటి సేత్తాదయ్యా అప్పుడు?"

రూబెన్ ఆశగా చెప్పాడు. ఎవరు ఎవరి కోసం ఆగారో యంత్రం గమనిస్తూ ఉంటుంది. ఆ ఎదురుచూపు గుండ్రంగా తిరిగిందని తెలిస్తే అందులో ఒకరిని ఎంచి వెనక్కి పంపేస్తుంది. వాళ్ళ తాళం విడిపోతుంది, రెండోవాళ్ళ పని సాగిపోతుంది. ఎవరిని వెనక్కి పంపితే నష్టం తక్కువో వాళ్ళనే సాధారణంగా ఎంచుతుంది. యంత్రం భాషలో ఆ ఒక్కరిని బాధితుడంటారు.

వెంటనే బాధితుడి ఎంపిక సమావేశం ఏర్పాటైంది. నీలకంఠం తాను ఇప్పటికే పద్నాలుగు గళ్ళు నింపానని, వెనక్కి పంపితే ప్రభుత్వ సిరా వృథా అవుతుందని విన్నవించాడు. కమలకుమారి గారు తమ సర్వీసు ఇరవై ఆరేళ్ళని, ఈ వయసులో బాధితురాలిగా ఉండలేనని కళ్ళు తుడుచుకున్నారు. గణపతిరావు గారు ఇద్దరి శ్రమనూ తూచి చూసి, ఈ మొత్తం వ్యవహారంలో ఏ శ్రమా పడనివాడు ఎజ్రా ఒక్కడేనని, వరండాలో ఊరికే కూర్చున్నాడని తేల్చారు. అతన్ని వెనక్కి పంపితే కార్యాలయానికి రవంత నష్టం లేదు. కాబట్టి ఎజ్రా అర్జీ రద్దు. కొత్తగా పెట్టుకోవచ్చును.

"సార్, వెనక్కి అంటే మొత్తం వెనక్కండి. పాత కార్డులో అతని పేరు మళ్ళీ పెట్టాలి" అన్నాడు రూబెన్.

"నెలాఖరు సీలు పడిపోయింది కదయ్యా. కమిట్ అన్నాక ఇక వెనక్కి లేదని నువ్వే కదా చెప్పావు." గణపతిరావు గారు అతని భుజం తట్టారు. "బాగా చెప్పావు. అందరికీ అర్థమైంది."

రద్దు ఉత్తర్వు టీ తరవాత టైపు చేయాలని నిర్ణయించి సమావేశం టీకి లేచింది. నాలుగు గంటలకు ఆఫీసంతా రోడ్డు అవతలి పాకకు వెళ్ళిపోయింది. లోపల రూబెన్, కిటికీ బయట లైనులో ముప్పైరెండు మంది జనం, గుమ్మం దగ్గర సువర్ణమ్మ మిగిలారు.

"బావూ, నాకు తెలీక అడుగుతాను. ఆ పుస్తకం తెచ్చి ఈ బల్ల మీద పెడితే పనైపోద్దా?"

"అయిపోద్ది అక్కా."

"మరెవులూ పెట్టరేటి?"

రూబెన్ వివరించాడు. అటెండరు పోస్టు గురించి, సంఘం తీర్మానం గురించి, సీనియారిటీ గురించి చెప్పాడు. ఎర్రగుడ్డ ముడి వేసినవాళ్ళే విప్పాలన్నాడు. చాలా చక్కగా చెప్పాడు. సువర్ణమ్మ ఓపిగ్గా అంతా వింది. తరవాత కొంగు బొడ్లో దోపుకుని, లోపలికి నడిచి, నీలకంఠం బల్ల మీది పుస్తకాన్ని ముడి విప్పకుండానే రెండు చేతులా ఎత్తి, పది అడుగులు మోసుకెళ్ళి, కమలకుమారి గారి బల్ల మీద పెట్టింది. మళ్ళీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇంతేనేటి?" అంది.

ముఖం మీద కొట్టినట్టయింది రూబెన్‌కు. పదకొండు రోజులు ఆ పుస్తకానికి చేరువలో కూర్చుని అతను డెడ్‌లాక్ అంటే ఏమిటో అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు.

టీ తాగి వచ్చిన కమలకుమారి గారు తన ముందున్న పుస్తకం చూశారు. పుస్తకం ముందుకొస్తే నంబరు వేయాలి, అది నిబంధన. వేశారు. నంబరు వేసిన ఫారం కనబడగానే నీలకంఠం లేచొచ్చి తన ముడి తాను విప్పాడు, అదీ నిబంధనే. కొత్త నంబరు చీటీ రూబెన్ చేతికొచ్చింది. అతను చెప్పులు విడిచి పరుగున లోపలికెళ్ళి, పాత వరుసకు గుర్తు పెట్టమని, కొత్త వరుస రాయమని, రెండూ కలిపి ఒకే పనిగా చేయమని యంత్రానికి చెప్పి, కమిట్ కొట్టాడు. రెప్ప వేసేలోగా అయిపోయింది. గణపతిరావు గారు ఎప్పటిలాగే కట్టలోని కాగితాలన్నిటికీ తల ఎత్తకుండా సంతకాలు చేశారు. వాటిలో ఎజ్రా కార్డు ఒకటి. రద్దు ఉత్తర్వు టైపు చేయమని ఎవరికీ గుర్తు రాలేదు. అది చిట్టాలో రాసేశారు కాబట్టి అయిపోయిందనే అనుకున్నారు.

ఆదివారం ఆరాధన కాగానే ఎజ్రాను పలాసలో రైలెక్కించారు. రూబెన్ స్టేషన్‌కు వచ్చాడు. సోమవారం ఎజ్రా మంచం మీద ఉన్నాడు, అతని రక్తం యంత్రంలోకి వెళ్ళి శుభ్రపడి వస్తోంది. ఆ వార్త ఫోను బూత్‌లో విని రూబెన్ బూత్ నడిపే కుర్రాడి ముందే ఏడ్చేశాడు. ఆ కుర్రాడు చిల్లర కూడా అడగలేదు.

అదే సోమవారం ఉదయం పదకొండు గంటలకు కార్యాలయానికి ఒక అర్జీ అందింది. ముప్పైరెండు సంతకాలు, వేలిముద్రలు. మొదటి వేలిముద్ర చిన్నమ్మిది. శుక్రవారం లైనులో సువర్ణమ్మ వెనక నిలబడింది ఆవిడే. ఆవిడ మొగుడికీ అదే జబ్బు, ఆవిడ ఫారమూ అవే రెండు బల్లల మధ్య ఉంది, విశాఖ తేదీ ఆ వచ్చే సోమవారం.

పదకొండు రోజుల ఆలస్యం గురించి అర్జీలో ఒక్క ముక్క లేదు. సువర్ణమ్మ అనే ఆమె ఎవరి అనుమతీ లేకుండా పుస్తకం తానే ఎత్తి పెట్టుకుని, నిబంధనలు పాటిస్తున్న తమ అందరికన్నా ముందు పని చేయించుకున్నదని, ఇది లైనుకే అవమానమని, తగు చర్య తీసుకోవాలని ఉంది.

గణపతిరావు గారు ఆ ఆఫీసు చరిత్రలో మొట్టమొదటిసారి ఒక అర్జీని అదే పూట విచారణకు తీసుకున్నారు. అందరినీ హాల్లోకి పిలిపించారు.

"రూబెన్! ఆ కార్డు వెనక్కి తియ్యి."

"కుదరదండి. కమిట్ అయింది." రూబెన్ మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాడు. "వెనక్కి లేదని మీరే కదండీ ఒప్పుకున్నారు."

గణపతిరావు గారు శాస్త్రాన్ని గౌరవించే మనిషి. ఆ కార్డు మాట వదిలేశారు. జనం గుసగుసలాడారు. అప్పుడు రూబెన్, తల్లికి బైబిలు మీద ఇచ్చిన మాట తప్పి, నీలకంఠం బల్ల దగ్గరికి వెళ్ళి చిన్నమ్మి పల్లె పుస్తకం ఎత్తుకున్నాడు. "చిన్నమ్మక్కా, నీది నేను మోస్తాను. పది అడుగులు. ఇప్పుడే అయిపోద్ది."

చిన్నమ్మి ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. వెంటనే వెనక నుంచి కేకలు లేచాయి.

"ఓలమ్మా! ఆవిడదే మోత్తావేటి? మాయి ఎవులు మోత్తారు?"

"అందరివీ మోస్తాను. ముప్పైరెండూ మోస్తాను. సాయంత్రానికి అయిపోతాయి."

"నాది ఆకర్న ఎందుకు మొయ్యాల?"

"నువ్వెవులివయ్యా మొయ్యడానికి? ఆడరుందా?"

పుస్తకం రూబెన్ చేతుల్లోనే ఉంది. చిన్నమ్మి చుట్టూ చూసింది. అర్జీ మీద మొదటి వేలిముద్ర తనదే, అందరూ తన వైపే చూస్తున్నారు. "ఒద్దు బావూ" అంది మెల్లిగా. "అడ్డదారిన ఒద్దు. నాను ఆ సువర్ణమ్మలాటిదాన్ని కాదు." హాలంతా ఆవిడను మెచ్చుకుంది. ఎవరో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. రూబెన్ పుస్తకాన్ని ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

గణపతిరావు గారు నాలుగో సర్క్యులర్ అక్కడే నిలబడి చెప్పి రాయించారు. ఈ అక్రమానికి మూలకారణం రెండు బల్లల మధ్య దూరం మరీ తక్కువగా ఉండటమేనని గుర్తించడమైనది. పది అడుగులంటే ఆడవాళ్ళు కూడా మోయగలుగుతున్నారు. కాబట్టి ఇకమీదట అలాంటి అవకాశం ఎవరికీ లేకుండా, పాత కార్డుల విభాగాన్ని పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలోని సముద్రపు ఒడ్డు తుఫాను షెల్టరుకు తరలించడమైనది. బస్సు రోజుకు రెండుసార్లు. ప్రజలు రెండుచోట్లా లైనులో నిలబడవలెను.

చప్పట్లు ఆగలేదు. ముప్పైరెండు మందీ లేచి నిలబడి కొట్టారు. న్యాయం జరిగిందని చిన్నమ్మి కన్నీళ్ళు పెట్టుకుంది. మర్నాడు తెల్లవారకముందే షెల్టరు దగ్గర లైనులో మొదటి చోటు ఆవిడదే. ఆ సోమవారం వెళ్ళిపోయింది. దాని తరవాతి సోమవారమూ వెళ్ళిపోయింది. మూడో సోమవారానికి ఆవిడ లైనులోకి రాలేదు. మొగుడి పేరు పక్కన సున్నా చుట్టించుకోవడానికి వేరే లైను ఉంది, అందులో నిలబడింది. ఆ పని మాత్రం ఆ రోజే అయిపోయింది.

రూబెన్ ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. పగలు కీబోర్డు ముందు కూర్చుంటాడు, ఆఫీసు మూశాక సైకిలు మీద షెల్టరుకు వెళ్ళి, దొరికినన్ని పుస్తకాలు మోసుకొస్తాడు. అది నిబంధనలకు విరుద్ధమని అతని మీద ఇప్పటికి మూడు అర్జీలు వచ్చాయి, మూడూ లైనులోనివారివే.

ఆ మొదటి అర్జీ మాత్రం కార్యాలయంలో భద్రంగా ఉంది. కింద ముప్పైమూడో గడి ఖాళీగా వదిలారు. ఇంతసేపూ ఇది చదువుతూ, 'పాపమే గానీ, ఎంతైనా ఆవిడ అడక్కుండా పుస్తకం ఎత్తడం తప్పే కదా' అని ఒక్కసారైనా అనుకున్నవారు పనివేళల్లో వచ్చి అక్కడ సంతకం చేయవచ్చును. లైనులో రావలెను.